గోడకుర్చీ వేస్తేనే గది

మా బుర్గీ పిన్ని ఇంట్లో గది కావాలంటే గోడకుర్చీ వెయ్యాలి. పేరేమిటి, ఏ ఊరు, ఎంతమంది, ఎన్నాళ్ళుంటారు, ఇవన్నీ తరవాతి సంగతులు. ఫోన్ ఎత్తగానే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నీ పక్కన ఖాళీ గోడ ఉందా?"

ఉందన్నారా, దొరికిపోయారు. వీపు గోడకి ఆనించి, మోకాళ్ళు వంచి, కింద కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలి. చిన్నప్పుడు బళ్ళో లెక్క తప్పినవాడికి వేయించే శిక్షే. ఆవిడ చాలు అనేదాకా లేవకూడదు. అవతల ఆవిడేమో రిసీవర్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పులుసులో వేసే రొట్టె ఉండలు చుడుతూ ఉంటుంది. ఉండలు అయ్యాకే చాలు అంటుంది. ఆ పూట ఇంట్లో భోజనానికి జనం ఎక్కువుంటే ఫోన్ చేసినవాడి తొడల గతి అంతే.

అసలు పేరు నోట్‌బుర్గా. మంచుకొండల్లో ఉన్న మా హింటర్‌గ్రూన్ ఊళ్ళో ఆవిడని ఆ పేరుతో పిలిచేది చర్చి ఫాదరు ఒక్కడే. ఆయన్ని కూడా ఒకసారి గోడ దగ్గరికి పంపింది కాబట్టి ఆయనా ఈ మధ్య బుర్గీ అనే అంటున్నాడు. నా పేరు విన్సెంజ్. ఊరి స్కీ బళ్ళో మాస్టర్ని, మంచు మీద జారడం నేర్పుతాను. మాది ఎదురిల్లు, ఆవిడా మా అమ్మా కలిసి పెరిగారు, అందుకని నాకు పిన్ని. ఆవిడ ఇంటికి ఆరు గదులు, ఒక వంటిల్లు, వంటింట్లో గోడకి ఒక ఫోను. ఆ ఫోను తీగ పొయ్యి దాకా సాగి సాగి, మెలికలన్నీ పోయి బట్టలారేసే తాడులా అయింది.

"ఎందుకు పిన్నీ జనాన్ని ఇలా హింసిస్తావు?" అని నేనొకసారి అడిగాను.

"కొండ మీద స్కీలు తొడుక్కుంటే పొద్దస్తమానూ సగం కూర్చునే ఉండాలా వద్దా?"

"ఉండాలి."

"మరి ఇంట్లో కూర్చోవడం రానివాడు ఇక్కడికొచ్చి ఏం కూర్చుంటాడు? మొదటి రోజు తొడలు పట్టేస్తాయి, రెండో రోజు మంచం దిగడు, మూడో రోజు నా ఉండలు బాగాలేవంటాడు. ఇదంతా ఎందుకురా నాకు?"

 

హాంబర్గ్ జడ్జిగారి సంగతి ఊరంతా చెప్పుకుంటారు. ఆవిడ పేరు రోస్‌విఠా డెల్‌బ్రూక్. మొదటిసారి ఫోన్ చేసినప్పటి సంభాషణ ఆవిడే నాకు స్వయంగా వినిపించింది, రెండు గొంతుకలూ అనుకరించి మరీ.

"జడ్జి డెల్‌బ్రూక్‌ని మాట్లాడుతున్నాను. ఫిబ్రవరి మొదటివారం ఒక గది కావాలి."

"ఫిబ్రవరిలో వద్దు. బళ్ళకి సెలవులు. కొండెక్కించే లిఫ్టు దగ్గర వరస చర్చి దాకా ఉంటుంది. జనవరి మూడో వారం రా, కొండంతా నీదే. నీ పక్కన ఖాళీ గోడ ఉందా?"

"క్షమించాలి. మీరు నన్ను నువ్వు అంటున్నారు."

"వెయ్యి మీటర్ల ఎత్తు పైన మాకు మీరులు గీరులు లేవమ్మా."

"నేను హాంబర్గ్‌లో ఉన్నాను. ఇక్కడ మేం సముద్రంతో సమానంగా ఉంటాం."

"నేను పైనే ఉన్నాగా. గోడ ఉందా లేదా?"

జడ్జిగారు ఉందన్నది. పిన్ని వెయ్యమంది. వేశానన్నది. ఇటు పిన్ని ఒక ఉండ చుట్టి బల్ల మీద పెట్టింది.

"అబద్ధం," అంది బుర్గీ పిన్ని. "కుర్చీ కిర్రుమంది."

ఎదుటివాడి మొహం చూసి అబద్ధం పట్టెయ్యడమే వృత్తిగా బతికిన మనిషి, మొహం కూడా కనపడకుండా పట్టుబడిపోయింది. ఆవిడ బల్ల పక్కకి జరిపించి, తలుపు గడియ వేసి, నల్ల గౌనుతోనే గోడకుర్చీ వేసిందట. ఆ జనవరిలో వచ్చింది. మళ్ళీ జనవరిలో వచ్చింది. ఇప్పటిదాకా మానలేదు.

గోడకుర్చీతో వదిలిపెడుతుందా అంటే అదీ లేదు. గోడకి వేలాడుతున్నవాడు ఎక్కడికీ పోలేడు కదా, ఆ సమయంలోనే మిగతా హితబోధ అంతా సాగుతుంది. "శనివారం బయల్దేరకు. శనివారం సగం ప్రపంచం మా లోయలోకి వస్తుంది, మిగతా సగం లోయలోంచి పోతుంది, మధ్యలో నువ్వు కార్లో కూచుని రొట్టె తింటావు. ఆదివారం పొద్దున్నే రా." "మేజోళ్ళు ఒకే జత. రెండు తొడిగితే కాలు వెచ్చబడదు, బిగుసుకుని చచ్చుబడుతుంది." "బూట్లు మీ ఊళ్ళో కొనకు. ఇక్కడికొచ్చి అద్దెకి తీసుకో. వేళ్ళు ముందు తగలాలి, మోకాలు వంచితే వెనక్కి జరగాలి. అప్పటిదాకా కొట్టువాణ్ణి వదలకు." "గడ్డం కింద కూడా క్రీము రాసుకో, మంచు కిందనించీ కాలుస్తుంది." "కాలు విరిగితే హెలికాప్టర్లో దింపడానికి బీమా చేయించావా? చేయించకపోతే ముందే చెప్పు, నాకు నడుంనొప్పి, మొయ్యలేను." "మూడోరోజు మధ్యాహ్నం పడుకో. మూడోరోజు మధ్యాహ్నం విరిగిన కాళ్ళతోనే మా డాక్టరు మేడ కట్టాడు."

వీటన్నిటికన్నా పెద్ద నియమం ఇంకోటుంది. కొండ దిగేటప్పుడు ఎవరూ "ఇదే చివరిది" అనకూడదు. ఎముకలన్నీ చివరిసారి దిగేటప్పుడే విరుగుతాయని మా కొండల్లో అందరికీ పట్టింపే, కాని పిన్నికి మరీ చాదస్తం. ఆ మాట ఆవిడ గుమ్మంలో అన్నవాడికి ఆ రాత్రి ఉండలుండవు. "ఇంకోటి" అనాలి. సాయంత్రం లిఫ్టు కట్టేశాక కూడా ఇంకోటి అనే అనాలి.

ఊరికొచ్చేవాళ్ళ బాగోగులు చూసే మా అతిథుల సంఘానికి అల్ఫోన్స్ క్రాలింగర్ అధ్యక్షుడు. ఊళ్ళోకెల్లా పెద్ద హోటలు ఆయనదే, ఊళ్ళోకెల్లా పెద్ద పొట్టా ఆయనదే. ఆయనకి బుర్గీ పిన్ని పేరు చెబితే ఆ పొట్టలో అన్నం అరగదు. ఒకసారి నా ఎదుటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి బుర్గీ, ఊరి పరువు తీస్తున్నావు. గది అడిగిన పాపానికి జనాన్ని గోడకి నిలబెడుతున్నావట."

"నిలబెట్టడం కాదు అల్ఫోన్స్, కూచోబెట్టడం. నువ్వూ వెయ్యి, ఆ పొట్టకి మంచిది."

"నా హోటల్లో గది అడిగితే మేం చిరునవ్వు నవ్వి తాళం ఇస్తాం."

"నువ్వు తాళమిచ్చిన వాళ్ళందర్నీ విన్స్ గాడు మంచులోంచి తవ్వి తీస్తున్నాడు. అడుగు కావాలంటే."

నన్ను మధ్యలోకి లాగకు పిన్నీ అన్నాను కాని, నిజం చెప్పాలంటే ఆవిడ అతిథులొచ్చిన వారం నాకు సిగరెట్టు కాల్చుకునే తీరికుండేది కాదు. క్రాలింగర్ అతిథులు రెండు మలుపులకోసారి ఆగి కొండల అందం మెచ్చుకుంటారు. అందం కాదది, ఆయాసం. పిన్ని అతిథులు మాత్రం డెబ్భై ఏళ్ళవాళ్ళు కూడా "ఇంకోటి విన్స్, ఇంకోటి విన్స్" అంటూ నా ప్రాణం తోడేసేవాళ్ళు.

ఇంతవరకు బాగానే ఉంది. అర్థం కానిది ఒకటే. పిన్ని జూలైలో కూడా పాత అతిథులకి తనే ఫోన్ చేసేది. కొండ మీద ఆవులు మేస్తుంటాయి, ఊరంతా గడ్డి కోసి ఎండబెట్టే హడావిడిలో ఉంటుంది, ఈవిడ మాత్రం కిటికీలోంచి వీధంతా వినపడేలా, "గోడకుర్చీ వేశావా?" అని అరుస్తుంది. ఆ మొదటి మాటే మాకు వినపడేది. తరవాత గొంతు తగ్గిపోయేది. తగ్గించి తిడుతోందనుకునేవాళ్ళం. మంచు లేని రోజుల్లో గోడకుర్చీ ఏమిటి, ఈవిడకి ఒక మర వదులైందని నేనూ అన్నాను, ఊరూ అన్నది.

ఇక ఉబ్బో సంగతికొస్తాను. ఉబ్బో హార్మ్స్‌ది ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. అక్కడ నేల బల్లపరుపు. సముద్రం లోపలికి రాకుండా వేసిన గట్టే వాళ్ళకి కొండ. ఆ గట్టు మీద గొర్రెలు మేపుతాడు. అటువంటి మనిషికి స్కీల పిచ్చి ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి. పెళ్ళైన కొత్తలో భార్య టొమ్మా మంచు చూడాలందట, చూపించడానికి తీసుకొచ్చాడు, అప్పట్నించీ ఏటేటా జనవరిలో పిన్ని ఇంటికే వచ్చేవాళ్ళు. ఉబ్బో మితభాషి అంటే సరిపోదు. ఆయనకి ఉన్నది ఒక్కటే మాట, "మొయిన్". వాళ్ళ ఊళ్ళో అది పొద్దున్నా రాత్రీ కూడా నమస్కారమే. ఈయన దాంతోనే కృతజ్ఞత చెబుతాడు, దాంతోనే ఉప్పు అడుగుతాడు, ఒకసారి పడి పన్ను విరిగినప్పుడు కూడా లేచి మొయిన్ అనే అన్నాడు. మాటలన్నీ టొమ్మావే.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. విడవకుండా పదేళ్ళు వచ్చిన అతిథికి అతిథుల సంఘం కంచు పతకం, పదిహేనేళ్ళకి వెండిది, పాతికేళ్ళకి మా కొండల్లో పూసే ఎడెల్‌వైస్ పువ్వు, బంగారుది. ఫైరింజన్ల షెడ్డులో బండి బయటికి తీసి, బల్లలు వేసి, బాకాలు ఊది, అధ్యక్షుడు స్వహస్తాలతో గుచ్చుతాడు. బయటివాళ్ళు నవ్వుకోవచ్చు, కాని ఆ పువ్వు కోసం మనవల పెళ్ళిళ్ళు వాయిదా వేసినవాళ్ళున్నారు. టొమ్మాకి ఒక ఆకుపచ్చ టోపీ ఉండేది. కంచుదీ వెండిదీ పక్కకి గుచ్చుకుని, సరిగ్గా ముందువైపు నడుమ చోటు ఖాళీగా ఉంచింది. "అక్కడ బంగారం రాబోతోంది విన్స్" అని నాకు ఏటా చూపించేది. వెళ్ళే ముందు శుక్రవారం నాడు ఇద్దరూ కొండ మీద టీ దొరికే గుడిసె దగ్గర్నించి పాతదారంట ఊరిదాకా ఆగకుండా దిగి, పిన్ని గుమ్మానికి వేలాడే ఆవుగంట కొట్టేవాళ్ళు. ఆ గంట మోగితేనే వాళ్ళకి సెలవు పూర్తయినట్టు.

ఇరవైనాలుగో ఏడు దిగి గంట కొట్టి వెళ్ళారు. ఆ వసంతంలో టొమ్మా పోయింది.

శరదృతువులో ఒకరోజు నేను పిన్ని వంటింట్లో ఉండలు తింటుండగా ఫోను మోగింది. ఆవిడ చేతులు పిండిలో ఉన్నాయి, రిసీవర్ బల్ల మీద పెట్టి దాని మీదకి వంగింది. అందుకని నాకూ వినపడింది.

"బుర్గీ, ఈసారి రాను."

"ఏం?"

"టొమ్మా లేదు. మోకాలూ లేదు."

"మోకాలికేమైంది?"

"గొర్రె తోసింది. గట్టు మీంచి పడ్డాను. కుడిది విరిగింది."

"ఎడమది ఉందిగా," అంది పిన్ని. "నీ పక్కన ఖాళీ గోడ ఉందా?"

నాకు ఉండ గొంతులో అడ్డుపడింది. భార్య పోయి, కాలు విరిగి ఉన్న మనిషితో మాట్లాడే తీరా ఇది? అదే అన్నాను. ఆవిడ పిండి చేత్తో నా ప్లేటు తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు ఇంటికెళ్ళి తిను" అని గెంటేసింది.

ఆ రోజు మొదలు ప్రతి ఉదయం వీధిలో అదే కేక. "ఉబ్బో, వేశావా?" తరవాత గొంతు తగ్గేది. అతని కాలికి వైద్యం చేస్తున్న డాక్టరు గోడకుర్చీ అంటే ఒప్పుకోనన్నాడట. పిన్ని ఆయనకే ఫోన్ చేసింది. ఎముక అతికింది, మెల్లగా బలం రావాలి, కొంచెమే వంచాలి అని ఆయన చెబుతుంటే, "కొంచెం అంటే ఎంత? నువ్వు వేసి చెప్పు" అంది. ఆయన ఆస్పత్రి గోడకి వీపు ఆనించి వేసి, ఇంతవరకు పర్వాలేదు, ఇక్కడ నొప్పొస్తుంది అని చెప్పాడట. వచ్చే ఏడు ఆయనకీ ఒక గది కావాలట.

జనవరి మూడో ఆదివారం పొద్దున బస్సు ఆగింది. ఉబ్బో దిగాడు. "మొయిన్" అన్నాడు. చంకలో టొమ్మా టోపీ. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు.

పెట్టె దించకముందే పిన్నికి తన షరతు చెప్పాడు. వచ్చినంత మాత్రాన బంగారు పువ్వు తీసుకోడట. టొమ్మా టోపీ పెట్టుకుని శుక్రవారం పాతదారంట దిగాలి, గంట కొట్టాలి, అప్పుడే తీసుకుంటాడట. దిగలేకపోతే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది, తను మళ్ళీ ఈ ఊరు రాడు. ఇంత పొడుగు మాట అతను మాట్లాడడం అదే మొదటిసారి కాబట్టి ఎవరం కాదనలేకపోయాం.

"టోపీ కుదరదు," అంది పిన్ని. "హెల్మెట్ పెట్టుకోవాలి."

ఉబ్బో ఆలోచించాడు. హెల్మెట్ పెట్టుకుని, దాని మీద టోపీ పెట్టుకుని, టొమ్మా రిబ్బనుతో గడ్డం కింద ముడేశాడు. పిన్ని చుట్టూ తిరిగి చూసి సరేనంది.

నాలుగు రోజులు నేనతన్ని పసిపిల్లల వాలు మీద నడిపించాను. స్కీల ముందు కొసలు దగ్గరికీ వెనక కొసలు దూరానికీ పెట్టి మెల్లగా జారడాన్ని మేం నాగలి అంటాం. అయిదేళ్ళ పిల్లల మధ్య ఈ ఆరడుగుల మనిషి ఆడటోపీ పెట్టుకుని నాగలి పట్టుకుని దిగుతుంటే పిల్లలు ఆయనకి దారి చూపించేవాళ్ళు. కాలు బాగానే ఉంది. తొడలు రాళ్ళలా ఉన్నాయి. కాని వాలు కాస్త నిటారైతే చాలు, మనిషి కొయ్యబారిపోయేవాడు.

గురువారం పిన్నితో చెప్పాను. "ఇతను దిగలేడు పిన్నీ. కాలు కాదు, భయం. పైదాకా తీసుకెళ్ళి మధ్యలో ఆగిపోతే ఇంకా అన్యాయం. వద్దని చెప్పు."

"తొడలు చూశావా?"

"తొడలకేం, దివ్యంగా ఉన్నాయి. గుండె సంగతేమిటి?"

"దానికీ అదే మందు," అని ఉండలు చుట్టుకుంది. ఈ మనిషితో మాట్లాడ్డం నాదే బుద్ధితక్కువని వచ్చేశాను.

శుక్రవారం ఎండ కాసింది. లిఫ్టులో పైకెళ్ళాం, గుడిసె దగ్గర టీ తాగాం, దిగడం మొదలుపెట్టాం. మొదటి సగం బాగానే నడిచింది. సగంలో పొగగూడు అని ఒక చోటుంది. రెండు రాళ్ళగుట్టల మధ్య ఇరుకుగా, నిటారుగా దిగుతుంది. అక్కడికి రాగానే ఉబ్బో ఆగిపోయాడు. కిందికి చూశాడు. మొహంలో నెత్తురు లేదు.

"నావల్ల కాదు విన్స్."

నాకు తెలిసిన విద్యంతా ప్రయోగించాను. కిందికి చూడకు, నన్ను చూడు అన్నాను. నా వెనకాలే రా అన్నాను. పాట పాడాను కూడా. కదల్లేదు. పక్కన పాత గడ్డికొట్టం ఒకటుంది, చెక్కగోడలు. ఉబ్బో స్కీలు విప్పి మంచులో గుచ్చి, ఈడ్చుకుంటూ దాని దగ్గరికి వెళ్ళి, వీపు ఆనించి, మోకాళ్ళు వంచి గోడకుర్చీ వేశాడు.

పైనించి వచ్చేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏం చేస్తున్నావు ఉబ్బో?"

"పొద్దున వెయ్యలేదు. ఇక్కడుంటే బుర్గీ ఫోన్ చెయ్యదు కదా."

ఏదో ఒకటి మాట్లాడిస్తే భయం తగ్గుతుందని అడిగాను. "రోజూ ఎంతసేపు వేయిస్తుంది?"

"గంట."

"గంటసేపు గోడకుర్చీయా? అది నాకే చేతకాదు."

"గోడకుర్చీ నిమిషం. మిగతాది ఫోను."

"మిగతాసేపంతా తిడుతుందా?"

"తిట్టదు," అన్నాడు ఉబ్బో, గోడకి వేలాడుతూనే. "ఏం వండుకున్నావు అంటుంది. టీ అంటాను. టీ కూరా, వెళ్ళి దుంపలు తెచ్చుకో, ఫోన్ పెట్టకు అంటుంది. తెచ్చుకుంటాను. అక్కడ తను ఉండలు చుడుతుంది, ఇక్కడ నేను దుంపల తొక్క తీస్తాను. ఉడికాక తింటాను. తిన్నావా అంటుంది. తిన్నానంటాను. అప్పుడు పెట్టేస్తుంది."

"అంతసేపూ ఏం మాట్లాడుకుంటారు?"

"నేనేం మాట్లాడతాను." గడ్డం కింది ముడి సర్దుకున్నాడు. "టొమ్మా గురించి మాట్లాడతాను."

నా కర్రలు మంచులో గుచ్చి అడిగాను. "మరి మధ్యలో ఈ గోడకుర్చీ ఎందుకు?"

ఉబ్బో నా వైపు జాలిగా చూశాడు. "ఒక్కడివే ఉన్నావు, పలకరిద్దామని చేశాను అంటే అప్పుడే పెట్టేసేవాణ్ణి. గోడకుర్చీ వేశావా అంటే ఎలా పెట్టేస్తాను? వెయ్యాలిగా." ఊపిరి తీసుకున్నాడు. "జడ్జిగారికి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఆవిడకీ ఎవరూ లేరు. నాకు ముందునించీ తెలుసు, టొమ్మా చెప్పింది."

జూలై సంగతి నాకు అప్పుడు అర్థమైంది. అన్నేళ్ళు వీధికి అటు పక్కే ఉండి మేం విన్నది మొదటి మాట ఒక్కటే.  నా మొహం ఇతను చూస్తాడేమోనని వంగి బూట్ల పట్టీలు బిగించుకున్నాను, అవి బిగిసే ఉన్నాయి.

"చాలు," అని తనకి తానే చెప్పుకుని ఉబ్బో లేచాడు. మొహంలోకి రంగొచ్చింది. స్కీలు తొడుక్కున్నాడు, టోపీ రిబ్బను బిగించాడు, పొగగూడు అంచుకి వచ్చి "మొయిన్" అన్నాడు. నాతో కాదు, కొండతో. దిగాడు. మొదటి మలుపు నాగలి, రెండోది నాగలి, మూడో మలుపుకి స్కీలు రెండూ పక్కపక్కనే చేరాయి. టోపీ అంచు గాలికి రెపరెపలాడుతోంది. నేను మాస్టర్ని, వెనకబడ్డాను. పొగగూడు దాటాడు, అడవి దాటాడు, ఆగలేదు. చర్చి పక్కనించి పిన్ని వాకిట్లోకి వచ్చేసి, స్కీలతోనే రెండడుగులు వేసి, ఆవుగంట తాడు పట్టుకుని లాగాడు. లోయ అవతలి కుక్కలు మొరిగాయి.

పిన్ని వాకిట్లో తివాచీ దులుపుతోంది. మంచు పడే నెలలో పొద్దుటినించీ అదే తివాచీ దులుపుతోందని పక్కింటావిడ తరవాత చెప్పింది.

"దిగాను బుర్గీ," అన్నాడు ఉబ్బో. కళ్ళు తుడుచుకున్నాడు. "అయిపోయింది. ఇదే చివ..."

"నోరుముయ్యి," అంది పిన్ని. "ఏమనాలి?"

ఉబ్బో ఆవిడ వైపు చూశాడు, కొండ వైపు చూశాడు. "ఇంకోటి," అన్నాడు.

అన్నవాడు ఊరుకున్నాడా? నన్ను లాక్కుని మళ్ళీ లిఫ్టు ఎక్కాడు. రెండోసారి పొగగూడు దగ్గర ఆగింది నేను, సిగరెట్టు కోసం. అతను ఆగలేదు.

ఆ సాయంత్రం ఫైరింజన్ల షెడ్డులో సభ. కొత్త పతకాలవాళ్ళు ముందు వరసలో, బాకాలవాళ్ళు ఓ పక్క. జడ్జిగారు కూడా ఉన్నారు, ఆవిడకి ఆ రోజు వెండిది. క్రాలింగర్ అతిథి దేవుడి మీద ఉపన్యాసం ఇచ్చి, చివర చమత్కారం విసిరాడు. "మన ఉబ్బో హార్మ్స్‌కి ఈ బంగారు పువ్వు రెండు విధాలా తగును. పాతికేళ్ళు మన కొండని తట్టుకున్నాడు, పాతికేళ్ళు మన బుర్గీ గోడకుర్చీలనీ తట్టుకున్నాడు."

షెడ్డంతా నవ్వింది. పిన్ని వెనక వరసలో కూర్చుని చేతులు చూసుకుంటోంది.

ఉబ్బో లేచాడు. పువ్వు తీసుకుని టోపీ ముందువైపు ఖాళీలో గుచ్చాడు. టోపీని కుర్చీలో పెట్టాడు. మైకు దగ్గరికొచ్చి "మొయిన్" అన్నాడు. ఉపన్యాసం అయిపోయిందనుకుని బాకాలవాళ్ళు ఎత్తారు. ఉబ్బో చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఇది టొమ్మాది," అన్నాడు. "ఇక్కడిదాకా తెచ్చింది బుర్గీ." ఇంకేదో అనబోయాడు, మాటలు అయిపోయాయి. అయిపోతే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. తిన్నగా గోడ దగ్గరికి నడిచి, వీపు ఆనించి, గోడకుర్చీ వేశాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వేలోపల జడ్జిగారు లేచింది, పట్టు గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉబ్బో పక్కన గోడకి ఆనింది. ఆ వెనక ఆరు గదులవాళ్ళూ, ఒకప్పుడు ఆ గదుల్లో ఉండి ఇప్పుడు వేరేచోట దిగినవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. ఇంత మందికి ఆవిడ ఫోన్ చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఫాదరు లేచాడు. బాకాలవాళ్ళలో పెద్ద బాకా మోసేవాడు బాకాతో సహా వేశాడు. నేనూ వేశాను. స్కీ మాస్టర్ని, నాకెందుకని ఎన్నేళ్ళు తప్పించుకున్నానో, అంత గట్టిగా తొడలు వణికాయి. ఎర్ర ఇంజను దగ్గర్నించి తలుపు దాకా షెడ్డు గోడలన్నీ నిండిపోయాయి.

మధ్యలో మైకు పట్టుకుని క్రాలింగర్ ఒక్కడు మిగిలాడు. వెనక వరసలో పిన్ని ఒక్కతి మిగిలింది. ఆవిడ లేచింది. కళ్ళు మెరుస్తున్నాయి కాని గొంతులో ఏ తేడా లేదు.

"అల్ఫోన్స్," అంది. "ఆ నీళ్ళ గొట్టం పక్కన ఖాళీ గోడ ఉంది."

క్రాలింగర్ అటు చూశాడు, ఇటు చూశాడు, మైకు కింద పెట్టి వెళ్ళి వేశాడు. పొట్ట ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. పిన్ని పరీక్షకొచ్చిన అధికారిలా వరసంతా నడిచింది. "నువ్వు వీపు ఆనించు. నీ మోకాళ్ళు బాగా వంగాయి. ఫాదర్, మీరు ప్రార్థన తరవాత చేసుకోండి." చివరికి వెళ్ళి టొమ్మా టోపీ పక్క కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మా అందరి వంకా చూస్తూ హాయిగా ఉండిపోయింది. చాలు అనదే. ఆవిడకి చుట్టాల్సిన ఉండలు కూడా లేవు, ఇంక ఎప్పుడంటుంది?

వారం తిరిగి ఉబ్బో వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం మా ఇంట్లో ఫోను మోగింది. ఎత్తాను.

"ఒరేయ్ విన్స్, నీ పక్కన ఖాళీ గోడ ఉందా?"

కిటికీలోంచి చూశాను. వీధికి అవతల కిటికీలో పిన్ని, చెవికీ భుజానికీ మధ్య రిసీవరు, చేతుల్లో పిండి. కేకేస్తే వినపడేంత దూరం. మాట్లాడకుండా గోడకి ఆనాను. ఆవిడ కళ్ళు చికిలించి నా మోకాళ్ళు చూసింది.

"ఏం వండుకున్నావు?" అంది.

"ఏం లేదు పిన్నీ. ఇక చాలా?"

"ఆగు, ఇంకా ఉండలున్నాయి."

"ఎవరికి అన్ని? పాత అతిథులు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళింకా రాలేదుగా."

"నీకే. వేడిగా ఉండగా రా."

ఆవిడ చాలు అనకుండానే లేచి కోటు వేసుకున్నాను. అలా లేచినవాణ్ణి ఆవిడ వదిలెయ్యడం అదే మొదటిసారి.